కర్తృత్వ వివాదం – ట్రిపుల్ స్టోర్: లింక్డ్ డేటా నిర్వహణపై ఒక విమర్శ

క్రీడాభిరామం ప్రస్తావన ఆ వీథికి కర్త వినుకొండ వల్లభరాయడని చెబుతుంది. అది శ్రీనాథుని రచనేనని వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రతిపాదించారు. సాహిత్య చరిత్రకారుడు ఈ రెండు అభిప్రాయాలనూ ఆధారాలతో సహా ఒకే పుటలో నిలుపగలడు. అదే విషయాన్ని గ్రంథసూచిగా ట్రిపుల్ స్టోర్‌లోకి ఎక్కించినప్పుడు వివాదం వివాదంగా మిగులుతుందా అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

ట్రిపుల్ స్టోర్‌లో ప్రతి సమాచారమూ మూడంగాల వాక్యం: ఒక వస్తువు, ఒక సంబంధం, ఒక విలువ. వస్తువులను వెబ్ చిరునామాలతో గుర్తించి, ఒకదానినొకటి కలపాలన్నది 2006లో టిమ్ బెర్నర్స్-లీ సూత్రీకరించిన లింక్డ్ డేటా నియమాల సారం. ఈ వాక్యాలను ప్రోగ్రాముల ద్వారా చేర్చడానికీ తొలగించడానికీ వీలు కల్పించే స్పార్కల్ 1.1 ప్రమాణం 2013లో వెలువడింది.

క్రీడాభిరామానికి ‘కర్త వల్లభరాయడు’, ‘కర్త శ్రీనాథుడు’ అని రెండు వాక్యాలు చేరిస్తే స్టోర్ అభ్యంతరం చెప్పదు. ఆంధ్ర మహాభారతానికి నన్నయ, తిక్కన, ఎఱ్ఱన కర్తలని నమోదు చేసినా వాక్యాల ఆకృతి అదే. మొదటిది పరస్పర విరుద్ధమైన వాదం, రెండవది ఒకరి తరువాత ఒకరు పూర్తిచేసిన రచన. ప్రశ్నించే ప్రోగ్రాముకు ఈ భేదం కనిపించదు. పైగా ట్రిపుల్ స్టోర్‌లో వాక్యాలు సమితిగా ఉంటాయి. ఒకే వాక్యాన్ని ఇద్దరు పండితుల పక్షాన రెండుసార్లు చేర్చినా ఒక్కటే నిలుస్తుంది. ఒకరి అభిప్రాయాన్ని ఉపసంహరిస్తే రెండవవారి సాక్ష్యం కూడా పోతుంది.

కోడ్ రాసే పద్ధతి ఈ నష్టాన్ని పెంచుతుంది. ఒక వస్తువును సవరించేటప్పుడు దానికి సంబంధించిన వాక్యాలన్నీ తొలగించి కొత్తవి చేర్చడం తరచుగా అనుసరించే సులభమార్గం. పాత వాక్యం ఎందుకు పోయిందో, ఎవరు తీసివేశారో విడిగా నమోదు చేస్తే తప్ప స్టోర్‌కు గుర్తుండదు. వస్తువు కర్తృస్థానంలో ఉన్న వాక్యాలను మాత్రమే తొలగిస్తే, తాళపత్రాల సూచి వంటి మరొకచోటి నుండి దానిని చూపే వాక్యాలు వివరణ లేని చిరునామాను చూపుతూ మిగిలిపోతాయి.

పరిష్కారానికి తెలుగు విద్వాంసులకు సుపరిచితమైన ఆదర్శమే ఉంది. పరిష్కర్త ఒక పాఠాన్ని స్వీకరించినా, పాఠాంతరాలను అధోజ్ఞాపికలలో ఏ ప్రతిలోవో చెప్పి ఇస్తాడు. ట్రిపుల్ స్టోర్‌లో దీనికి సమీపమైన ఏర్పాటు పేరుగల గ్రాఫ్: ప్రతి ఆధారానికీ ఒక ప్రత్యేక గ్రాఫ్ ఉంచి, సవరణ ఆ గ్రాఫ్‌కే పరిమితమయ్యేలా కోడ్ రాయడం. 2012లో ప్రారంభమైన వికీడేటా ఇంకో మార్గం చూపింది. అక్కడ ప్రతి ప్రకటనకూ ఆధారాన్ని జతచేయవచ్చు. నిరాకృతమైన ప్రకటనను తొలగించకుండా, దాని స్థాయిని తగ్గించి ఉంచవచ్చు.

అయితే గ్రాఫ్ పేరుకు అర్థమేమిటో ప్రమాణం నిర్దేశించలేదు. అది గ్రంథాన్ని సూచిస్తుందా, పండితుణ్ణా, ఎక్కించిన తేదీనా అన్నది వాడేవారి నిర్ణయం. కొన్ని స్టోర్‌లు ప్రశ్న వేళ గ్రాఫ్‌లన్నిటినీ కలిపివేస్తాయి; అప్పుడు విడదీసిన శ్రమ కనుమరుగవుతుంది. కనుక సాంకేతిక సౌకర్యం దానంతటదే విమర్శ కాదు.

అందువల్ల కర్తృత్వం, కాలం, పాఠం వంటి వివాదాంశాల నమూనాను ప్రోగ్రామర్‌కు వదిలివేయడం తగదు. ఏ వాక్యానికి ఆధారం తప్పనిసరో, ఏది తొలగింపుకు బదులు నిరాకరణగా నమోదు కావాలో తెలుగు శాఖలే ముందుగా నిర్ణయించాలి. లేనిపక్షంలో, చివరగా సవరించిన చేతి అభిప్రాయమే సాహిత్య చరిత్రగా చెలామణి అవుతుంది.