తెగిన లింకులు ఏరే నేర్పు
లినక్స్ సర్వర్లు చూసుకునే అడ్మిన్ల పనుల్లో పైకి కనబడకపోయినా మెచ్చుకోదగ్గది ఒకటుంది: తెగిపోయిన సింబాలిక్ లింకులను ఏరేయడం.

1983లో 4.2 బీఎస్‌డీ యునిక్స్‌తో వచ్చిన సింబాలిక్ లింకులో ఉండేది అసలు ఫైలు దారి మాత్రమే. ఫైలును చెరిపినా, పేరు మార్చినా లింకు తెగి, అలాగే ఉండిపోతుంది.

ఫైళ్లను వెదికే గ్నూ ఫైండ్ కమాండ్‌కు 'ఎక్స్‌టైప్ ఎల్' అని చెబితే ఇలాంటివన్నీ వరసగా చూపిస్తుంది. చెరిపేయడానికి ఇంకొక్క మాట చాలు. అయినా పని తెలిసినవాళ్లు స్క్రిప్టుతో ముందు జాబితా రాయించుకుని చదువుతారు. ఎందుకంటే, డిస్కు మౌంట్ కాకపోతే మంచి లింకులూ తెగినట్టే కనబడతాయి. ఈమాక్స్ ఎడిటర్ అయితే, ఫైలును ఎవరు దిద్దుతున్నారో గుర్తుగా కావాలనే గమ్యం లేని లింకు పెడుతుంది.

చెరపాల్సిన లింకుకూ ఉంచాల్సిన లింకుకూ తేడా పట్టుకోవడంలోనే పనితనమంతా ఉంది. జాబితా చూడకుండా చెరిపే స్క్రిప్టును, పనులను వేళకు తనంతట తానే నడిపే క్రాన్‌కు అప్పగించకండి.