కాంగో రుంబా: బెంగ వినిపించేదీ, వినిపించనిదీ

నాస్టాల్జియా అన్న మాటను పుట్టించింది కవులు కాదు, వైద్యవృత్తి. 1688లో యోహానెస్ హోఫర్ అనే యువకుడు బాజెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన వైద్యశాస్త్ర వ్యాసంలో, ఇల్లు విడిచి దూరదేశాల్లో ఉండే స్విస్ యువకులకు వచ్చే ఒక జబ్బుకు, ‘తిరిగి రావడం’, ‘నొప్పి’ అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలను కలిపి ఆ పేరు పెట్టాడు. మనకు ఆ పదం కొత్త కావచ్చు కాని, జబ్బు కొత్తది కాదు. పుట్టింటి మీద బెంగపెట్టుకుని జ్వరం తెచ్చుకున్న కోడళ్ళ గురించి మన ఇళ్ళలో చెప్పుకోవడం అందరమూ విన్నదే. జబ్బు అన్నాక దానికి లక్షణాలుంటాయి. బెంగకున్న ముఖ్య లక్షణం, అది జ్ఞాపకాన్ని వడగట్టడం. ఏది మిగిల్చింది, ఏది వదిలేసింది అని అడగడం విమర్శ చేయవలసిన పని. కాంగో రుంబా అనే సంగీతం విషయంలో ఆ ప్రశ్న వేయడానికే ఈ వ్యాసం.

తెలుగు మాధ్యమంలో చదువుకున్న నాకు ఆ దేశం సాంఘికశాస్త్రం పుస్తకంలో ఒక పేజీ. భూమధ్యరేఖ, దట్టమైన అడవి, రాగి గనులు. అప్పట్లో దేశానికీ నదికీ కూడా జైరు అని పేరు. ఆ దేశపు సంగీతం నాకు పరిచయమైంది అమెరికాకు వచ్చి, నలభై దాటాక, పాత రికార్డులను తిరిగి విడుదల చేసిన సీడీల ద్వారా. ఫ్రాంకో బృందం 1973లో విడుదల చేసిన ‘అజ్దా’ అన్న పాటను నెలల తరబడి కారులో విన్నాను. లింగాలా భాష రాదు. గొంతుల్లోని మార్దవాన్ని బట్టి, అజ్దా ఒక అమ్మాయి పేరనీ, ఇది విరహగీతమనీ నాకు నేనే నిశ్చయించుకున్నాను. కిన్షాసాలో పెరిగిన ఒక పెద్దాయన ఆ రోజుల్లో నా దగ్గరికి రక్తపోటు చూపించుకోవడానికి వచ్చేవారు. ఒకరోజు ఆయనతో ఈ పాట సంగతి ఎత్తి, నా అభిప్రాయం చెప్పాను. ఆయన నవ్వాపుకోలేకపోయారు. “డాక్టరుగారూ, అది వోక్స్‌వ్యాగన్ కార్లు అమ్మే సంస్థ ప్రకటన. అజ్దా ఆ సంస్థ పేరు” అన్నారు.

నవ్వులాటగా మొదలైన ఆ సంభాషణ నన్ను చాలాకాలం వదల్లేదు. మాటలు తెలియని నేను పాటలో లేని ప్రేమను విన్నాను. మాటలు తెలిసిన ఆయన ఏమి విన్నారు? ప్రకటన అని తెలిసీ ఆయన కళ్ళలో ఆ తడి ఎందుకు?

ఈ సంగీతం పుట్టుకే ఒక తిరుగు ప్రయాణం కథ. బానిసలుగా కాంగో తీరం నుంచి క్యూబాకు తరలిపోయిన వారి లయలు అక్కడ స్పానిష్ బాణీలతో కలిశాయి. 1930లలో హెచ్.ఎం.వి. కంపెనీ జి.వి. అనే వరుసలో క్యూబా రికార్డులను ఆఫ్రికా మార్కెట్‌లోకి పంపింది. వాటిలో చాలావరకు ‘సోన్’ అనే శైలికి చెందినవే అయినా, వ్యాపారులు వాటికి రుంబా అనే పేరు తగిలించారు. బెల్జియం పాలనలోని లియోపోల్డ్‌విల్‌లో, అంటే నేటి కిన్షాసాలో, యువకులు ఆ లయను చెవితో పట్టుకుని, లింగాలా మాటలు పెట్టి, గిటారు మీదికి తెచ్చారు. రికార్డు చేసినవాళ్ళు అక్కడ దుకాణాలు నడిపిన గ్రీకు వ్యాపారులు. జెరోనిమిదిస్ 1948లో స్థాపించిన సంస్థ పేరు ఎన్‌గోమా. ఆ మాటకు డోలు అని అర్థం. నది మీద పడవల్లో మెకానిక్‌గా పనిచేసిన వెండో కోలోసోయ్, గిటారిస్టు ఆన్రి బోవానేతో కలిసి పాడిన ‘మరీ లూయీజ్’ ఆ ఏడాదే సంచలనమైంది. అర్ధరాత్రి వేళ ఆ పాట పెడితే చచ్చినవాళ్ళు లేచి వస్తారని జనం చెప్పుకున్నారు.

ఆ తరవాతి రెండు పెద్ద శాఖలు అందరికీ తెలిసినవే. జోసెఫ్ కబసెలే 1953లో నెలకొల్పిన ఆఫ్రికన్ జాజ్‌లో ‘డాక్టర్’ నికో కసాండా ప్రధాన గిటారు, ఆయన అన్న డెషో లయ గిటారు వాయించారు. 1956లో ఒక బార్ పేరుతో మొదలైన ఓకే జాజ్‌కు ఫ్రాంకో లువాంబో మకియాడి నాయకుడయ్యాడు. బజారులో తల్లి పిండివంటలు అమ్ముతుంటే, గిరాకీ కోసం పక్కన కూర్చుని గిటారు వాయించిన పిల్లవాడు అతను. ఒక శాఖది పట్టుకుచ్చులాంటి నునుపు, రెండవదానిది వీధి మాటలోని పదును. ఆఫ్రికన్ జాజ్ నుంచి ఎదిగిన టాబు లే రోషెరో గొంతు మొదటి శాఖకు పరాకాష్ఠ.

పాట నిర్మాణం తెలిస్తే వినికిడి మారుతుంది. మొదటి సగం నెమ్మదిగా సాగే చరణాలు, గొంతులు జంటగా కలిసి పాడే పల్లవి. తరవాత సెబెనె వస్తుంది. గొంతులు వెనక్కి తగ్గుతాయి, రెండు మూడు స్వరసమూహాల చుట్టూ గిటార్లు తిరుగుతాయి. ప్రధాన గిటారు పైన చిన్న చిన్న పదబంధాలు అల్లుతుంది, లయ గిటారు కింద నేల పరుస్తుంది, ‘మి-సోలో’ అనే మూడవ గిటారు ఈ రెంటి నడుమ ఖాళీలు పూరిస్తుంది. ఒక్కొక్కరు వాయించేది తీసి చూస్తే పిల్లల ఆటలా ఉంటుంది. మూడూ కలిసినప్పుడు ఎవరిది ఏ స్వరమో పోల్చుకోలేము. మాటలు రానివారిని పట్టేసేది ఈ భాగమే. మాటలు వచ్చినవారు మొదటి భాగం కోసం కూడా వింటారు. పాత పాటల అభిమానంలోని తేడా ఇక్కడే మొదలవుతుంది.

ఈ అభిమానులు, కాంగోవారైనా బయటివారైనా, ఒక ఆరోపణ తరచుగా చేస్తారు. ఇప్పటి గాయకులు డబ్బిచ్చినవాళ్ళ పేర్లన్నీ పాటలో వల్లిస్తారు, దానికి లిబంగా అని ఒక పేరు కూడా ఉంది, ఆ రోజుల్లో పాట పాటగా ఉండేది అని. ‘అజ్దా’ ఒక్కటి చాలు ఈ ఆరోపణను ఆలోచనలో పడేయడానికి. స్వర్ణయుగపు మణిపూసల్లో ఒకటిగా అందరూ లెక్కించే ఆ పాట కార్ల అమ్మకం కోసం పుట్టింది. పేర్లు వల్లించడం కూడా కొత్త కాదు. 1960 జనవరిలో స్వాతంత్ర్యం గురించి బ్రస్సెల్స్‌లో చర్చలు జరిగినప్పుడు, అక్కడికి వెళ్ళిన కబసెలే బృందం కట్టిన ‘అందెపెందాన్స్ చ చ’ నిజానికి చర్చలకు వచ్చిన నాయకుల, పార్టీల జాబితా. నికో గిటారు ఆ జాబితాను పండగ చేసింది. లుముంబా, చోంబే ఒకే పాటలో పక్కపక్కన నిలబడ్డారు. ఏడాది తిరక్కుండానే, 1961 జనవరి 17న, చోంబే ఏలుబడిలోని కటాంగాలో లుముంబాను కాల్చి చంపారు. ఈ సంగతి మరచి ఆ పాటను కేవలం ఆనందగీతంగా వినడం సాధ్యమే. కాని అప్పుడు మనం విన్నది ఆ పాటలో సగమే.

1965లో మోబుటు అధికారం చేజిక్కించుకున్నాక సంగీతానికీ ప్రభుత్వానికీ మధ్య దూరం చెరిగిపోయింది. విదేశీ వ్యాపారాల స్వాధీనం సాగిన కాలంలో, రికార్డులు ముద్రించే మజాదిస్ కర్మాగారం అజమాయిషీ ఫ్రాంకో చేతికి వచ్చింది. అదే ప్రభుత్వం 1978లో అశ్లీల గీతాల నేరం మీద ఆయనను జైలుకు పంపింది, తరవాత బిరుదులిచ్చి సత్కరించింది. 1984లో, పోటీ లేని ఎన్నికలో, మా అభ్యర్థి మోబుటు అని ఆయన పాడాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘మారియో’, చదువుకుని కూడా పని చేయక, వయసు మళ్ళిన ధనవంతురాలి మీద పడి బతికే యువకుణ్ణి ఎండగట్టింది. ఈ రెండూ ఒకే మనిషి పాటలు. ఒకదానిలో కనబడిన నిష్కపట విమర్శకుణ్ణి ఉంచుకుని, రెండవదానిలోని ఆస్థాన గాయకుణ్ణి పక్కకు నెట్టే హక్కు విమర్శకుడికి లేదు. బాబ్ వైట్ తన ‘రుంబా రూల్స్’ అనే పుస్తకంలో మోబుటు పాలనకూ ఈ సంగీతానికీ ఉన్న పెనుగులాటను వివరంగా చర్చించాడు. నా అభిప్రాయంలో, పోషణ ఉన్నంతమాత్రాన కళ అబద్ధమైపోదు. పోషణే లేదని నటించే జ్ఞాపకం మాత్రం అబద్ధమవుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే పాట మరొకటి ఉంది. 1987లో ఫ్రాంకో విడుదల చేసిన ‘అతాన్సియో నా సిదా’. ఎయిడ్స్‌తో జాగ్రత్త అని దాని అర్థం. పదిహేను నిమిషాలకు పైగా, పాటలాగా కంటే ప్రసంగంలాగా, సమాజంలోని ఒక్కొక్క వర్గాన్నీ పిలిచి హెచ్చరిస్తాడు. వైద్యులనూ వదలడు. భయమూ నీతిబోధా అందులో విడదీయరానంతగా కలిసి ఉన్నాయి. రోగిని నిందించే ధోరణి లేకపోలేదు. అయినా ఆఫ్రికాలో చాలా ప్రభుత్వాలు నోరు విప్పడానికి జంకుతున్న రోజుల్లో, లక్షలమంది వినే గొంతు ఆ జబ్బు పేరు పైకి పలికింది.

ఆ జబ్బుకూ ఆ నగరానికీ ఉన్న సంబంధం తరవాత బయటపడింది. 1959లో అక్కడ తీసిన ఒక రక్త నమూనాలోనూ, స్వాతంత్ర్యం వచ్చిన 1960లోనే ఒక స్త్రీ శరీరం నుంచి తీసి భద్రపరచిన శోషరస గ్రంథి ముక్కలోనూ వైరస్ ఆనవాళ్ళు దొరికాయి. 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన, ప్రపంచమంతా పాకిన హెచ్.ఐ.వి. శాఖ 1920 ప్రాంతంలో కిన్షాసాలో వ్యాప్తి మొదలుపెట్టిందని అంచనా వేసింది. గనుల ఊళ్ళకు అది రైలు మార్గాల వెంట చేరింది. 1940ల చివరికి ఏటా పది లక్షలమందికి పైగా రైళ్ళలో ఆ నగరం మీదుగా ప్రయాణించేవారట. ‘మరీ లూయీజ్’ విన్నదీ ఆ జనమే. పాటకూ రోగానికీ కార్యకారణ సంబంధం ఏదీ లేదు. పని కోసం మనుషులను ఊళ్ళ నుంచి పెకలించి ఒకచోట చేర్చిన వలస పాలన రెండింటికీ ఒకే దారి వేసింది, అంతే.

1990ల మొదట్లో నేను హౌస్‌సర్జన్‌ని. ఒక ఎయిడ్స్ రోగి మంచం వార్డు చివరికి జరిగింది, తరవాత వరండాలోకి జరిగింది. జరిపించింది ఫలానావారని చెప్పలేను. రౌండ్లలో మేమంతా ఆ మంచం దగ్గర కొంచెం తొందరగా నడిచేవాళ్ళం. నేనూ నడిచాను. అప్పటికే అయిదేళ్ళుగా, మరో ఖండంలో, ఒక గిటారిస్టు వైద్యులనూ పేరుపెట్టి పిలుస్తున్నాడని నాకు తెలియదు. ఇప్పుడు ఆ పాటను పాత రుంబా సంకలనాల వరుసలో, కాఫీ తాగుతూ, ఆహ్లాదంగా వినడం నా చేత కాదు.

ఫ్రాంకో 1989 అక్టోబరు 12న, 51 ఏళ్ళ వయసులో, బెల్జియంలో మరణించాడు. ఆ జబ్బేనని వదంతులు వచ్చాయి. రోగిని పరీక్షించని వైద్యుడు ఆ వదంతుల్లో గొంతు కలపకూడదు. కాని చోటు గురించి ఒక మాట చెప్పాలి. నికో 1985లో బ్రస్సెల్స్‌లో పోయాడు. టాబు లే 2013లో బ్రస్సెల్స్‌లో పోయాడు. ఓకే జాజ్ కవి సిమారో లుతుంబా 2019లో పారిస్‌లో పోయాడు. తమ సంగీతంతో ఒక రాజధానికి పేరు తెచ్చిన మనుషులు చివరి రోజుల్లో ఐరోపా ఆసుపత్రులకు చేరవలసి వచ్చింది. టాబు లే పాట ‘మొకోలో నకొకుఫా’ పేరుకు ‘నేను పోయే రోజు’ అని అర్థం. పేదవాడు, ధనికుడు, తాగుబోతు, వెలయాలు తమ తమ చావులను ఊహించుకుంటారు అందులో. పరాయి దేశపు ఆసుపత్రి మంచం మీద చావును ఊహించుకునేవారు ఆ వరుసలో లేరు.

2021 డిసెంబరులో, రెండు కాంగో దేశాలు కలిసి కోరగా, యునెస్కో ఈ రుంబాను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషించవలసిన విషయమే. అయితే జాబితాలో చేరినది అద్దాల బీరువాలోకి చేరే ప్రమాదం కూడా ఉంటుంది. మన సంఘాల పండగల్లో ‘ఆ పాత మధురాలు’ పేరుతో పాడుకునే పాటల విషయంలో మనం చేస్తున్నదీ దాదాపు అదే: పాట ఉంటుంది, దాని చుట్టూ ఉన్న ఆకలి, పోషకులు, రాజకీయం ఉండవు.

ఆ పెద్దాయనను తరవాత ఒకసారి అడిగాను, ప్రకటన అని తెలిసీ ఆ పాట అంటే ఎందుకంత ఇష్టమని. 1974 తరవాత రాగి ధర పడిపోయిందనీ, దానితో పాటు తమ దేశమూ, తన తండ్రి జీతమూ పడిపోయాయనీ చెప్పారు. ‘అజ్దా’ దానికి ముందు ఏడాది పాట. “ఆ కారు మేము కొనలేదు. కొంటామని మా నాన్న అనుకున్న ఏడాది అది” అన్నారు. అప్పటికి రక్తపోటు చూడడం అయిపోయింది. మందు చీటీ తీసుకుని, ఫోనులో ఆ పాట పెట్టి, సెబెనె మొదలయ్యేదాకా ఇద్దరం కూర్చున్నాం.