నాణెం మీద మూడు జాడలు

హైదరాబాద్ చార్మినార్ రూపాయి అరచేతిలో పడగానే ముందు తెలిసేది దాని బరువు. 11.178 గ్రాములు. అందులో వెండి వెయ్యికి 818 పాళ్ళు. అదే కాలంలో చెలామణీలో ఉన్న బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు తూగుతుంది, వెండి వెయ్యికి 917 పాళ్ళు. లెక్క కడితే మొదటిదానిలో శుద్ధ వెండి సుమారు 9.14 గ్రాములు, రెండోదానిలో 10.69. నిజాం రాజ్యంలో ఒకదాన్ని హాలీ సిక్కా అనీ, రెండోదాన్ని కల్దార్ అనీ అనేవారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అన్నది వాడుకలో ఉన్న మారకం. ఏడు హాలీల వెండినీ ఆరు కల్దార్ల వెండినీ తూచి చూస్తే రెండూ 64 గ్రాముల దగ్గరే ఆగుతాయి.

ఈ రూపాయి 1321 హిజ్రీలో, అంటే 1903-04లో మొదలైంది. సైఫాబాద్ టంకశాల తెరిచింది 1903లోనే. అంతకు ముందు సుత్తి దెబ్బతో కొట్టిన నాణేల్లో అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందువల్ల రాతలో సగం బిళ్ళ బయటే ఉండిపోయేది. యంత్రం వచ్చాక బిళ్ళా అచ్చూ సరిగ్గా అమరాయి. బొమ్మ వైపు నడుమ చార్మినార్, దానితో పాటు నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా బహదూర్ అన్న బిరుదు, 92 అన్న అంకె. అరబిక్ అక్షరాలకు విలువలిచ్చి కూడే అబ్జద్ పద్ధతిలో ముహమ్మద్ అన్న పేరుకు వచ్చే మొత్తం అది. బొరుసు వైపు విలువ, టంకశాల పేరు, పాలన ఏడు.

ఇక చార్మినార్ ద్వారంలోకి భూతద్దం పెట్టి చూడాలి. అక్కడ ఒక చిన్న అక్షరం ఉంటుంది. నిజాం మహబూబ్ అలీఖాన్ నాణేల్లో అది ఆయన పేరులోని మొదటి అక్షరం మీమ్. ఆయన తర్వాతి నిజాం ఉస్మాన్ అలీఖాన్ నాణేల్లో ఐన్. 1911లో పాలన మారినప్పుడు మొదట ఐన్‌ను పొట్టిగా చెక్కారు, ఆ తర్వాత పూర్తి రూపంలో చెక్కారు. సేకరించేవాళ్ళు ఈ రెంటినీ వేర్వేరు రకాలుగా దాచుకుంటారు. ముల్లు మొనంత చోటులో ఒక రాజ్యంలో జరిగిన మార్పు నమోదైంది.

నాణెం ఏదో గుర్తించడంతో పని సగమే అయింది. అది ఎలా ఉంది అన్నది రెండో సగం. ఒకే ఏడు, ఒకే టంకశాల, ఒకే రకం రూపాయలు రెండింటి ధరల మధ్య ఎన్నో రెట్ల తేడా ఉండొచ్చు. ఆ తేడాను అంకెలో చెప్పడానికి పుట్టిందే గ్రేడింగ్. నాణెం మీద కనిపించే ప్రతి గుర్తూ మూడు చోట్లలో ఒకదాని నుంచి వచ్చి ఉంటుంది. అచ్చు దగ్గర పడ్డవి కొన్ని, వాడకంలో పడ్డవి కొన్ని, తర్వాత మనిషి పనిగట్టుకుని చేసినవి కొన్ని. ఏ జాడ ఎక్కడిదో తేల్చడమే గ్రేడర్ విద్య. మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

ముందు అచ్చు జాడలు. వెండి రేకు నుంచి బిళ్ళలు కోస్తారు. బిళ్ళ చుట్టూ కాస్త గట్టు లేపుతారు. కొలిమిలో కాచి మెత్తబరుస్తారు. పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు, చుట్టూ అంచును పట్టి ఉంచే ఉక్కు కడియం. ఈ మూడింటి నడుమ బిళ్ళ ఒక్క దెబ్బ తింటుంది. ఆ ఒత్తిడికి వెండి కరగదు కానీ పారుతుంది. అచ్చులోని పల్లాల్లోకి ఎక్కుతుంది, మధ్య నుంచి అంచు వైపు జరుగుతుంది. అలా జరిగిన దారి కంటికి ఆనని సన్నని గీతలుగా ఉపరితలమంతా మిగిలిపోతుంది. కొత్త నాణేన్ని ఒకే దీపం కింద పట్టుకుని మెల్లగా వంచి తిప్పితే, ఆ గీతల మీద వెలుగు చారలు కట్టి బండి చక్రపు ఆకుల్లా చుట్టూ తిరుగుతుంది. కార్ట్‌వీల్ మెరుపు అనేది దీన్నే. మెరుగు పెట్టిన వెండి పళ్ళెంలో ఈ మెరుపు ఉండదు. అక్కడ వెలుగు నిలబడుతుంది, తిరగదు. ఈ ఒక్క తేడా కంటికి అలవాటైతే విద్యలో పెద్ద మెట్టు ఎక్కినట్టే.

తర్వాత వాడకపు జాడలు. చేతులు మారేకొద్దీ నాణెంలో ఎత్తుగా ఉన్న చోట్లు ముందు అరుగుతాయి. అక్కడ మొట్టమొదట పోయేది వెండి కాదు, ఆ పారుదల గీతలు. మెరుపు తెగి, ఆ చోటు రంగు మారి కాస్త బూడిదగా కనిపిస్తుంది. అరుగుదల ఇంకా సాగితే కట్టడంలోని సన్నని గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇక్కడే మంచి చిక్కు ఉంది. దెబ్బ బలంగా పడని నాణెంలో కూడా ఎత్తయిన భాగాల వివరం ఉండదు. అచ్చు లోతులోకి వెండి చేరలేదు కాబట్టి అది పుట్టుకతోనే లేదు. చూడగానే రెండూ అరిగినట్టే ఉంటాయి. దీపం కింద వంచితే తేలిపోతుంది. వివరం లేని చోట కూడా మెరుపు తెగకుండా తిరిగితే అది బలహీనమైన ముద్ర. మెరుపు అక్కడికి వచ్చి ఆగిపోతే అరుగుదల. ముద్ర బలహీనంగా పడ్డ నాణెం ఒక్కసారైనా సంతకు వెళ్ళి ఉండకపోవచ్చు.

సంతకు వెళ్ళని నాణేలకూ గాట్లు ఉంటాయి. టంకశాల నుంచి ఖజానాకు సంచుల్లో వెళ్ళేటప్పుడు ఒకదాని అంచు ఇంకొకదాని ముఖానికి తగులుతుంది. అంచు మీది గాళ్ళు తగిలితే పొట్టి గీతలు వరసగా పక్కపక్కన పడతాయి. ఖాళీ తలం మీద పడ్డ గాటు వెంటనే కంటికి తగులుతుంది. రాతల నడుమ పడ్డది దాగిపోతుంది. అందుకే గ్రేడర్ గాట్లను లెక్కపెట్టి ఊరుకోడు, అవి ఎక్కడ ఉన్నాయో కూడా తూకం వేస్తాడు.

మూడోది మనిషి చేయి. తెలుగిళ్ళలో వెండిని చింతపండుతోనో విబూదితోనో పళ్ళ పొడితోనో తోమడం మామూలు. కుంకుమ భరిణెకు అది మంచిదే, నాణేనికి కాదు. తోమినప్పుడు తలం మీద సన్నని గీతలు ఒకే దిక్కుగా, గుంపులుగా పడతాయి. తిరిగే మెరుపు పోయి తెల్లటి బోడి మెరుపు మిగులుతుంది. ఏళ్ళ తరబడి గాలిలోని గంధకం వెండి మీద కట్టిన పలచటి పొర కూడా పోతుంది. ఆ పొర మందాన్ని బట్టే బంగారు పసుపు, ఊదా, నీలం రంగులు తేలతాయి. సహజంగా కట్టిన రంగులో ఒక వర్ణం నుంచి ఇంకొకదానికి మార్పు మెత్తగా సాగుతుంది, దాని కింద మెరుపు బతికే ఉంటుంది. ఇష్టపడేవాళ్ళు దానికి ఎక్కువ ధర ఇస్తారు.

మన నాణేల మీద మరికొన్ని చేతి గుర్తులు కనిపిస్తాయి. వెండి అసలుదో కాదో తేల్చుకోవడానికి షరాబు కొట్టిన చిన్న ముద్రలు. హారంలో గుచ్చుకోవడానికి అతికిన కొక్కెం, దాన్ని తీసేశాక అంచు మీద మిగిలిన టంకం మచ్చ. బంజారా స్త్రీల నగల్లో ఉండి వచ్చిన రూపాయల మీద ఇది తరచు కనిపిస్తుంది. నగగా దాని బతుకు దానికి గొప్పదే. గ్రేడింగ్ మాత్రం ఆ మాటను విడిగా రాసి పెట్టాలంటుంది.

ఇలా చూసిందాన్ని అంకెలోకి దించే కొలబద్ద అమెరికాలో పుట్టింది. విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో తమ దేశపు తొలినాటి రాగి సెంట్ల మీద రాసిన పుస్తకంలో 1 నుంచి 70 వరకు కొలతను ప్రతిపాదించాడు. అప్పుడది ధరల సూత్రం. పూర్తిగా అరిగిపోయి గుర్తుపట్టడానికి మాత్రమే వీలున్న సెంటుకు 1 అయితే, అత్యుత్తమమైనది దానికి డెబ్బై రెట్లు పలకాలని లెక్క. ధరల లెక్క కొన్నాళ్ళకే చెల్లకుండా పోయింది కానీ కొలబద్ద నిలిచింది. 1970లలో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ దాన్ని మిగతా నాణేలకూ అన్వయించింది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికన్ గ్రేడింగ్ సంస్థలు మొదలై, గ్రేడు ఇచ్చిన నాణేన్ని పెట్టెలో బంధించి ఇచ్చే పద్ధతిని స్థిరపరిచాయి.

కొలబద్దలో అన్ని అంకెలూ వాడరు. వాడిన నాణేలకు 4, 8, 12, 20, 40, 50, 58 ఇలా మెట్లు మెట్లుగా ఉంటాయి. 60 నుంచి 70 వరకు వాడకమే లేనివాటికి కేటాయించిన మింట్ స్టేట్. అక్కడ మాత్రం ప్రతి అంకే ఒక మెట్టు. ఇందులో ఒక ముచ్చట ఉంది. 58 నాణెం మీద ఎత్తయిన చోట్ల కొద్దిపాటి రాపిడి ఉంటుంది, తలం మాత్రం శుభ్రంగా ఉండొచ్చు. 60 నాణేనికి అరుగుదల ఉండదు కానీ సంచి గాట్లతో నిండి ఉండొచ్చు. పక్కపక్కన పెడితే 58దే అందంగా ఉందని చాలామంది అంటారు. కొలబద్ద ఇక్కడ తప్పటడుగు వేయలేదు. అరుగుదల ఉందా లేదా అన్న ప్రశ్నను, ఎంత అందంగా ఉంది అన్న ప్రశ్నను అది వేరుగా ఉంచింది.

గ్రేడింగ్ సంస్థకు నాణేన్ని పంపడంలోనూ శ్రద్ధ కావాలి. మెత్తటి పీవీసీ సంచిలో ఏళ్ళపాటు ఉంచితే నాణెం మీద పచ్చని జిగట పొర కడుతుంది. అందుకే గట్టి మైలార్ సంచిలో ఒక్కొక్కటి పెట్టాలి. స్టేప్లర్ పిన్నులు దగ్గరకు రానివ్వకూడదు. ఎప్పుడు పట్టుకున్నా అంచు పట్టుకోవాలి, ముఖం మీద వేలు ఆనకూడదు. దరఖాస్తులో దేశం, ఏడు, విలువ, రకం, యజమాని అనుకునే ధర రాయాలి. అక్కడికి చేరాక పేరు నాణెం నుంచి విడిపోతుంది. గ్రేడర్ బల్ల మీదకు వచ్చేది సంఖ్య వేసిన నాణెం మాత్రమే. అది ఎవరిదో అతనికి తెలియదు. చీకటి చేసిన గదిలో ఒకే దీపం, చేతిలో భూతద్దం. ఒకరు చూసి తన అంకె నమోదు చేస్తారు. ఇంకొకరు విడిగా చూసి తన అంకె చెప్తారు. వాటిని పోల్చి ఆఖరి అంకె ఖాయం చేసేది అనుభవజ్ఞుడైన మరొకరు.

అసలుదా నకిలీదా అన్నది అన్నిటికన్నా ముందు తేలాలి. పోత పోసిన నకిలీకి అక్షరాల అంచులు మొద్దుగా ఉంటాయి, తలం మీద బుడగల గుంటలు కనిపిస్తాయి, అంచు చుట్టూ అతుకు గీత ఉండొచ్చు. అసలు నాణెం నుంచి అచ్చు తీసి కొట్టిన నకిలీ ఇంకా గడుసుది. దాన్ని పట్టిచ్చేది దాని ఒక్క ముఖమే కాదు, పోలిక. ఒకే గాటు, ఒకే చోట, ఒకే ఆకారంలో రెండు నాణేల మీద కనిపిస్తే ఆ గాటు వాడకంలో పడింది కాదు, అచ్చులోంచి వచ్చింది. మూడు జాడలను వేరు చేసే విద్యే ఇక్కడా తీర్పు చెబుతుంది.

అసలుదే అయినా తోమినదో కొక్కెం తీసినదో అయితే అంకె ఇవ్వరు. ఎంత వివరం మిగిలిందో మాటల్లో చెప్పి, లోపం పేరు పక్కన రాస్తారు. దీన్ని డీటెయిల్స్ గ్రేడ్ అంటారు. తర్వాత నాణేన్ని దాని కొలతకు సరిపడే దిమ్మలో అమర్చి, పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ పలకలు రెండింటి మధ్య పెట్టి, అతిధ్వని తరంగాలతో అంచులు కలిపేస్తారు. జిగురు ఉండదు. పగలగొట్టకుండా తెరవలేరు, తెరిస్తే గుర్తు తెలియకుండా మూయలేరు. చీటీ మీద రకం, గ్రేడు, సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యను సంస్థ జాబితాలో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ రకంలో ఆ గ్రేడుకు ఇంతవరకు ఎన్ని వచ్చాయో కూడా అక్కడ తెలుస్తుంది.

మన వాళ్ళు ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థకూ తప్ప ఎవరికీ లేదు. మహబూబ్ అలీఖాన్ రూపాయలన్నీ ఆ గీత దాటాయి. కాబట్టి తాతగారి పెట్టెలో దొరికిన మీమ్ రూపాయిని అమెరికాకు పార్శిల్ చేయాలనుకోకండి. అక్కడ స్థిరపడి, అక్కడి వేలాల్లోనే కొనుక్కున్న తెలుగువారికి ఆ దారి తెరిచే ఉంది.

ఇక్కడున్నవారికి మిగిలేది తక్కువేం కాదు. గ్రేడింగ్‌లో అసలు విలువైనది ప్లాస్టిక్ పెట్టె కాదు, ఆ పెట్టెకు ముందున్న చూపు. దాన్ని ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. ఒక దీపం, ఐదు రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే త్రాసు చాలు. గ్రేడు పొందిన నాణేల బొమ్మలు తెచ్చుకుని, చీటీని కప్పి, అచ్చు జాడ ఏది, వాడకపు జాడ ఏది, చేతి జాడ ఏది అని కాగితం మీద రాసి, చివర మీ అంకె వేయండి. ఆ తర్వాతే చీటీ తీసి చూడండి. అంకె కలవకపోతే ఏ జాడను తప్పు చదివారో వెతకండి. అలా చదవడం వచ్చిన రోజు, ఇంట్లో ఉన్న రూపాయిని తోమడానికి మీ చేయి రాదు. ఆ నాణేనికి మనం చేయగల మేలు అదే.