గోదావరి కిరువైపుల చిన్న కెమెరా

కరీంనగరమున క్రొత్తగా కెమెరా కొనదలచిన యువకుడు మొదట పోవునది దుకాణమునకు గాదు, తమ వాడలో పెండ్లిండ్లకు ఫోటోలు తీయు అన్న యొద్దకు. "అన్నా, ఏది తీస్కోవాలె?" అని యడిగినచో, "తీస్కుంటే ఫుల్ ఫ్రేమే తీస్కో తమ్మీ, మళ్ళ మళ్ళ కొనుడెందుకు" అను ప్రత్యుత్తరము సిద్ధముగా నుండును. అర్ధరాత్రి ముహూర్తమున తలంబ్రాలు పడు క్షణమును జారవిడువరాని వృత్తి యాతనిది. సామగ్రి తెచ్చుటకు కారును, దీపము పట్టుటకు సహాయకుడును గలవానికి ఆ నిర్ణయము తగినదే. కాని తెల్లవారకమునుపే బస్సెక్కి గోదావరి దాటి ఉట్నూరులో దిగి, అచటినుండి ఆటోలోనో కాలినడకనో గూడెములకు పోవువాడును, సాయంకాలము పని ముగించుకొని మానేరు కట్టమీద షికారు చేయువాడును అదే మాటను శిరసావహించినచో, కొన్నినాళ్ళకు ఆ కెమెరా బీరువాలో విశ్రమించుట నేను పలుచోట్ల గాంచితిని.

ఈ బరువు సమస్య నేటిది కాదు. ఆరవ నిజాము మహబూబలీ ఖాను ఆస్థానమున ఛాయాచిత్రకారుడై రాజా బిరుదమందిన దీనదయాళు కాలమున గాజుపలకలను, ముక్కాలి స్టాండును మోయించుకొని పోక తప్పెడిది కాదు. జర్మనీలో ఓస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925 లో లైప్‌జిగ్ సంతకు వచ్చిన పిదప, 36×24 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రముగల యంత్రము కోటు జేబులో నిమిడి, ఛాయాగ్రాహకునికి బాటసారి స్వేచ్ఛను ప్రసాదించెను. తరువాతి ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు లెన్సు చూచు దృశ్యమునే కంటికి చూపుటకై లోపల నొక అద్దమును, పైన పట్టకమును చేర్చుకొని మరల బరువెక్కినవి. 2008 లో పానసోనిక్ సంస్థ జి1 అను కెమెరాలో ఆ అద్దమును తీసివేసి, సెన్సరుపై పడిన బింబమునే చిన్న తెరపై చూపు పద్ధతిని ప్రవేశపెట్టగా, ఒలింపస్, సోనీ, ఫ్యూజీఫిల్మ్ సంస్థలు ఆ దారినే నడచినవి. కెనాన్, నికాన్ పెద్ద సెన్సరుతో ఆ దారి పట్టుటకు 2018 దాక పట్టినది. అద్దము పోవుటవలన తగ్గిన బరువుకంటె ఆ తెర వలని ప్రయోజనమే గొప్పదని నా యభిప్రాయము: మిట్టమధ్యాహ్నము కుంతాల జలపాతము నెదుట నిలిచినప్పుడు, తెల్లని నురుగు వివరము లేని మచ్చగా మారుచున్నదో లేదో బటను నొక్కకముందే తెలియును.

అద్దము లేని ఈ మిర్రర్‌లెస్ కెమెరాలలో ముఖ్యముగా మూడు కొలతల సెన్సరులు గలవు: ఫుల్ ఫ్రేము 36×24 మిల్లీమీటర్లు, ఏ.పి.యస్.-సి. సోనీ, ఫ్యూజీలలో సుమారు 23.5×15.6, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. కొనువారి చర్చ యంతయు వీనిమీదనే నడచును గాని, భుజమునకు తెలియు సత్యము వేరు. ఫుల్ ఫ్రేము గల సోనీ ఏ7సి బరువు 509 గ్రాములు. చిన్న సెన్సరు గల ఒలింపస్ ఇ-ఎం10 నాలుగవ తరము 383. భేదము 126 గ్రాములు మాత్రమే, అనగా కెమెరాబాడీ నెంతమాత్రము నిందింప బనిలేదు. లెన్సులకడ కథ మారును: సోనీవారి 24-70 ఎఫ్ 2.8 రెండవ తరపు జూము 695 గ్రాములు తూగగా, ఒలింపస్‌వారి 12-45 ఎఫ్ 4 జూము 254 గ్రాములు మాత్రమే తూగును. ఈ రెండును వెలుతురు విషయమున సమానములు కావనుట నిజమే. ఆ లెక్కను చీకటిలో చూడవలెను.

దీపావళి వేళ గోండు గూడెములలో జరుగు దండారి నృత్యోత్సవము కంటె తగిన పరీక్ష వేరొకటి లేదు. నెమలి పింఛముల టోపీ ధరించి, మేన బూడిద పూసికొని గుస్సాడీలు అడుగు వేయుచుండగా, వెలుతురన్నది ఒక మూల వెలుగు బల్బునుండియో మంటనుండియో రావలసినదే. ఈ గుస్సాడీ నృత్యమునకే మార్లవాయి గ్రామస్థుడైన కనకరాజు గారికి 2021 లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఇచ్చట కెమెరాలోని స్టెబిలైజేషన్ అక్కరకు రాదు. అది మన చేతి వణకును ఆపును గాని నర్తకుని కాలిని ఆపలేదు. జైనథ్ ఆలయ గర్భగృహమున దీపకాంతిలో సెకనులో పదునైదవ వంతు షట్టరుతో నిలుకడగా చిత్రము తీయించు ఆ సదుపాయము, 250వ వంతు కావలసిన నాట్యమునకు నిరుపయోగము. అందు మనలను కాపాడునది లెన్సు నోరు, అనగా ఎఫ్ అంకె తగ్గినకొలది విప్పారు రంధ్రము. ఫుల్ ఫ్రేము వైశాల్యము మైక్రో ఫోర్ థర్డ్స్‌కు దాదాపు నాలుగింతలు. ఎఫ్ 4 జూము వదలి ఎఫ్ 1.8 లెన్సు తగిలించినచో వచ్చు వెలుతురు సుమారైదింతలు. కావున 116 గ్రాముల ఒలింపస్ 45 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సుతో చిన్న కెమెరా, ఎఫ్ 4 జూము తగిలించిన పెద్ద కెమెరాకు చీకటిలో ఏమాత్రము తీసిపోదు. అట్టి ఎఫ్ 1.8 లెన్సే పెద్ద కెమెరాకును తగిలించినచో అది ముందుకు పోవుననుటలో సందేహము లేదు. కాని ఆ లెన్సును గూడ మోయుట కంగీకరించి బయలుదేరువారెందరు?

గోదావరి దక్షిణమునకు వచ్చినచో చిక్కు తారుమారగును. కరీంనగరపు వెండి ఫిలిగ్రీ పనికి 2007 లో భౌగోళిక గుర్తింపు లభించినది. వెండిని సన్నని తీగగా సాగదీసి, రెండు పోగులు మెలిపెట్టి, సాగగొట్టి, చుట్టలుగా వంచి, లావు తీగతో గట్టిన చట్రమున నింపి అతుకువేయు ఆ నైపుణ్యమును కిటికీ వెలుతురున చిత్రించునప్పుడు, అరచేతిలో నిమిడెడి అత్తరుదాని ముందరి పువ్వు స్పష్టమైనచో వెనుకటి ఆకు మసకబారును. చిన్న సెన్సరుపై ఎఫ్ 4 తో లభించు స్పష్టతాగాఢత, పెద్ద సెన్సరుపై అదే చట్రమునకు ఎఫ్ 8 పెట్టిననే గాని రాదు. ఎఫ్ 8 కు దిగినంతనే వెలుతురు నాలుగవ వంతునకు పడిపోవును గనుక, పెద్ద సెన్సరు సంపాదించిన నాలుగింతల లాభము అచ్చటనే ఖర్చగును. ఎండ నేరుగా పడినచో వెండి మెరసి తీగల అంచులు చెరగును. కిటికీకి పలుచని తెల్లని ధోవతి వ్రేలాడదీసిన చాలును.

అడవి జంతువుల మాట క్లుప్తముగా చెప్పెదను. 300 మిల్లీమీటర్ల లెన్సు మైక్రో ఫోర్ థర్డ్స్‌పై ఫుల్ ఫ్రేముపై 600 మిల్లీమీటర్ల చూపు నిచ్చును. 423 గ్రాముల 75-300 జూముతో కవ్వాలు చుక్కల దుప్పిని, బెజ్జూరు వైపు రాబందును పగటిపూట పట్టవచ్చును. ప్రొద్దు గ్రుంకినచో ఆ లెన్సు పనికిరాదు, పెట్టెలో పెట్టుడు. వేసవిలో దుమ్ము రేగు నల్లరేగడి దారులందు లెన్సు మార్చుట కూడదు. అద్దము లేని కెమెరాలో పెక్కింట సెన్సరు తెరచియే యుండును గనుక, తప్పనిసరియైనచో కెమెరా నాపి, ముఖము క్రిందికి వంచి మార్చవలెను. తెర సదా వెలుగుచుండుటచే చిన్న కెమెరాలలో పెక్కింట బ్యాటరీ సుమారు 350 చిత్రములతో సరి. రెండవది లేక అడవికి పోరాదు.

ఇక నా తీర్పు. నగరములో నిత్యము వాడుటకే కొనువారు ఏ.పి.యస్.-సి. బాడీని, సోనీ, ఫ్యూజీ రెంటికిని దొరకు సిగ్మా 18-50 ఎఫ్ 2.8 జూమును కొనుట మేలు. సోనీ అమరికలో అది సుమారు 290 గ్రాములే. ఏజెన్సీ గ్రామములలో నడక ప్రధానమగువారికి మైక్రో ఫోర్ థర్డ్స్ బాడీ, ఒక చిన్న జూము, ఒక ఎఫ్ 1.8 లెన్సు చాలును. ఏ త్రోవయైనను ముందు లెన్సులను నిర్ణయించుకొని, మిగిలిన సొమ్మునకు బాడీని, అవసరమైనచో పాతదానినే, కొనవలెను.

పుష్యమాస అమావాస్యనాడు కేస్లాపూరులో నాగోబా పూజకు మెస్రం వంశీయులు కూడునప్పుడు, కెమెరా తీయుటకు ముందు పెద్దల అనుమతి గైకొనుట విధి. ఎలక్ట్రానిక్ షట్టరు నిశ్శబ్దము గనుక పూజకు భంగము కలుగదు. కాని చవుక ఎల్.ఇ.డి. దీపముల క్రింద అది చిత్రమున చారలు పరచును. మన విద్యుత్తు 50 హెర్ట్‌జులు గావున 50వ లేదా 100వ వంతు షట్టరు పెట్టినచో ఆ చారలు చాలవరకు తొలగును. 1940ల నాడు మార్లవాయిలో నివసించి గోండుల జీవనమును చిత్రించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఛాయాచిత్రములు నేడు లండనులోని సోయాస్ విశ్వవిద్యాలయ భాండారమున భద్రముగా నున్నవి. మనము తీసినవి ఏ భాండారమునకు జేరకున్నను, తీయించుకొన్నవారి చేతికి జేరవలెను. 4×6 అంగుళముల ముద్రణకు 300 డి.పి.ఐ. లెక్కన కావలసినవి సుమారు 22 లక్షల బిందువులు. చిన్న సెన్సరుల నేటి కెమెరాలు ఇచ్చునవి 2 కోట్లు. ఉట్నూరులో ప్రింటు వేయించి, మరుసటి ప్రయాణమున ఇచ్చి రావచ్చును.