వెళ్లినా పెరిగి, వచ్చినా పెరిగి

టమాటా కిలో ఇరవై నుంచి నలభైకి ఎగబాకింది, ఉల్లి నలభై నుంచి ఇరవైకి దిగింది అనుకోండి. చెరో కిలో కొంటే నిరుడూ అరవయ్యే, ఈ ఏడూ అరవయ్యే. ఇప్పుడు ఒక్కోటి ఎన్ని రెట్లయిందో రాసి సగటు కట్టండి. రెండు, అర. సగటు 1.25. ధరలు 25 శాతం పెరిగాయట! పోనీ తిరగేసి, ఈ ఏటి నుంచి నిరుటికి కట్టండి. మళ్లీ 25 శాతం పెరుగుదలే. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేనే తప్పు చేశాననుకుని రెండుసార్లు కొట్టేశాను.

తప్పు నాది కాదు, సగటుది. 18వ శతాబ్దంలో ఇటలీవాడు కార్లీ కట్టిన పద్ధతి ఇది. అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1922లో వందకు పైగా సూత్రాలను వరసన నిలబెట్టి, ఇలాగే ముందుకీ వెనక్కీ నడిపించి చూశాడు. కార్లీ సగటు తేలిపోయింది. ఇంగ్లండ్ ఆర్థికవేత్త జెవన్స్ చెప్పిన గుణమధ్యమం నిలిచింది: రెండునీ అరనీ గుణించి వర్గమూలం తీస్తే ఒకటి, అంటే ధర కదల్లేదు. ఇంత తెలిసీ బ్రిటన్ తన పాత చిల్లర ధరల సూచీలో కార్లీని వదల్లేదు. 2013లో ఆ సూచీకి జాతీయ గణాంకమన్న హోదా పోయింది, సూచీ మాత్రం పోలేదు.

మన 2012 ఆధార సంవత్సరపు వినియోగదారుల ధరల సూచీలో ఒకే సరుకుకు వేర్వేరు అంగళ్లలో పలికే ధరలను గుణమధ్యమంతోనే కలిపారు. అక్కడ నాకు పేచీ లేదు. పేచీ బుట్టతో, అంటే ఏ సరుకు ఎంత కొంటామన్న లెక్కతో. లాస్పియర్ పద్ధతి పాత బుట్టకు కొత్త ధరలు కడుతుంది. పాషే పద్ధతి ఇప్పటి బుట్టకు కడుతుంది. రెంటికీ గుణమధ్యమం తీసి ఫిషర్ ఆదర్శ సూచీ అన్నాడు. కానీ ఈ నెల ఎవరు ఏం కొన్నారో ఈ నెలలోనే ఎవరు చెబుతారు? అందుకే మనవాళ్లు పట్టుకున్నది లాస్పియర్‌నే. 2011-12 ఇంటి ఖర్చుల సర్వే నుంచి తీసిన ఆ బుట్టలో తిండికీ పానీయాలకూ 45.86 శాతం వాటా. డీవీడీ ప్లేయర్ కూడా ఉండేది!

2023 జులైలో టమాటా కిలో వంద దాటింది. ద్రవ్యోల్బణం 7.44 శాతమన్నారు. మా ఇంట్లో అప్పటికే చారులోకి ఒట్టి చింతపండే, పప్పులోకి మామిడి ఒరుగులు. సూచీ లెక్కలో మాత్రం ఆ నెల కూడా మేం ఎప్పుడూ కొనేటన్ని టమాటాలూ కొన్నాం.