బాల్కనీకి వేరెక్కడ?

మా ఏర్పేటినుండి తిరుపతికి పోయినప్పుడెల్ల, పాతబడిన అపార్ట్‌మెంట్ల బాల్కనీలను తలయెత్తి పరికించుట నాకు అలవాటైనది. ఇంటి తక్కిన భాగములు గోడలపైనో స్తంభములపైనో విశ్రమించుచుండగా, బాల్కనీ మాత్రము ఒక్క అంచున దూలమును పట్టుకొని శూన్యమందు నిలుచును. కావుననే దానిని మోయు ఇనుము శ్లాబు అడుగున గాక పైభాగమున నుండవలెను. కాంక్రీటు పోయునాడు ఆ పైకడ్డీలు కూలీల పాదముల క్రింద అణగిపోయినచో బాల్కనీ పుట్టుకతోనే దుర్బలమగును.

పిదప దానికి శత్రువు నీరు. వాటము చెడిన గచ్చుపై నిలిచిన కార్తికమాసపు వానలు బీటలగుండ కడ్డీని చేరును. త్రుప్పుపట్టిన ఇనుము రెండింతలు మొదలు ఆరింతలవరకు ఉబ్బి కాంక్రీటును చీల్చును. ఊడిన పెచ్చులపై సిమెంటు మెత్తి రంగు వేయుట చికిత్స కానేరదు. సుత్తితో తట్టి డొల్ల పలికినంతమేర చెక్కి, కడ్డీ వెనుకవరకు శుభ్రపరచి, త్రుప్పు గీకి, క్షీణించిన చోట క్రొత్త కడ్డీ చేర్చి, నీరు దిగని పూతతో వాటము సరిచేయవలెను. అదియు చాలనిచో, క్రింది అంతస్తులన్నింట జాకీలు నిలిపి, బాల్కనీని పడగొట్టి, క్రొత్త కడ్డీలను దూలము దాటి లోపలి శ్లాబులోనికి దూరముగా పాతి, మరల పోయవలెను.

మా పొరుగున శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలినప్పుడు, బీటలు ముందే హెచ్చరించుటచే జనులు తొలగి ప్రాణములు దక్కినవి. బాల్కనీ అంతటి వ్యవధి నొసగునన్న భరోసా లేదు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున, తడికి కుళ్లిన కొయ్యదూలములు విరిగి బాల్కనీ కూలగా ఆరుగురు యువజనులు మరణించిరి. పిమ్మటనే కాలిఫోర్నియాలో ఉమ్మడి యాజమాన్యపు గృహముల బాల్కనీలను తొమ్మిదేండ్లకొకమారు పరీక్షింపవలెనని శాసనము వెలసినది.

మన అపార్ట్‌మెంట్లలో ఎవరి బాల్కనీ వారిదేనన్న భావము ప్రబలినది. ఒకరు గచ్చుపై గచ్చు పరతురు, మరియొకరు ఇటుకగోడ కట్టి గదిగా మార్తురు. ఆ భారమంతయు ఏ దూలముపై పడునో ఆ దూలమును 1987 నాటి మన అపార్ట్‌మెంట్ల చట్టము అందరి ఉమ్మడి సొత్తుగా నెంచినది. బాల్కనీకి వేరు ఆ దూలమందే యున్నది గనుక, దాని రక్షణయు అపార్ట్‌మెంటు యజమానుల సంఘమునదే. ఏటేట వానలు వెలిసిన పిమ్మట ఒక ఇంజనీరుతో ప్రతి బాల్కనీని తట్టించి చూచుటయు, మరమ్మతుకై నెలనెలా కొంత సొమ్ము వేరుగా నుంచుటయు ప్రతి సంఘమునకు నియమము కావలెను; క్రింద నడచువారి ప్రాణముపై పైనున్నవారందరికిని బాధ్యత గలదు.