ముందు ఎడారి, వెనక పెరడు

అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌లో ఇల్లు కొన్న మనవాళ్ళకి తరచూ రెండు తోటలు ఉంటాయి. రెండూ ఒకే కుటుంబానివంటే నమ్మబుద్ధి కాదు. వీధి వైపు గ్రానైట్ కంకర, నడిమధ్య ఒక మెస్కీట్ చెట్టు, పక్కన కిత్తనార, రెండు నాగజెముళ్ళు. గోడ దాటి వెనక్కి వెళ్తే గోంగూర, సొరపాదు, మల్లె, కరివేపాకు. కొత్త ఇళ్ళలో ముందుభాగాన్ని బిల్డరే ముస్తాబు చేసి ఇస్తాడు. వెనకభాగం మాత్రం చాలాసార్లు ఉత్త మట్టి. ముందుది తాళంచెవితోపాటు వచ్చిన తోట, వెనకది ఏళ్ళ తరబడి చెయ్యి కాల్చుకుంటూ నేర్చుకున్న తోట.

కనిగిరి వైపు నుంచి మొదటిసారి వచ్చిన మా పెద్దమ్మ కారు దిగుతూనే అడిగింది: "ఏరా అబ్బాయ్, సర్కారు తుమ్మని డబ్బులిచ్చి కొన్నావా?"

అందరం నవ్వాం గానీ ఆవిడ గుర్తుపట్టడంలో పొరపాటేమీ లేదు. మెస్కీట్, సర్కారు తుమ్మ దగ్గరి చుట్టాలు. సర్కారు తుమ్మ పుట్టిల్లు కూడా అమెరికా ఖండాలే, 19వ శతాబ్దంలో మన దేశానికి చేరింది. నాగజెముడు, కిత్తనార కూడా ఈ ఖండం నుంచి వచ్చి మన చేలకు కంచెలైనవే. అంటే ఊళ్ళో కంచె మీద, చెరువుగట్టు మీద వదిలేసినవాటినే ఇక్కడ గుమ్మం ముందు అలంకారంగా పెట్టుకున్నాం. మన దగ్గర చెరువుల్ని మింగేసే మొండి చెట్టు అని పేరుపడ్డ జాతికే ఇక్కడ అన్నం పెట్టిన చరిత్ర ఉంది. చాండ్లర్‌కి పక్కనే గిలా నది వెంట ఉండే అకిమెల్ ఓధమ్ ప్రజలు మెస్కీట్ కాయల్ని దంచి పిండి చేసుకునేవారు.

తెలివి విషయంలో ముందు తోటకే ఎక్కువ మార్కులు వెయ్యాలి. ఇక్కడ ఏడాదికి కురిసేది 200 మిల్లీమీటర్లు అటూ ఇటూ. కరువుసీమ అని మనం జాలిపడే అనంతపురంలో పడేదాంట్లో ఇది సగం కూడా కాదు. పక్కనున్న ఫీనిక్స్‌లో 2023 వేసవిలో వరసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. అలాంటి చోట పచ్చగడ్డి పెంచడం డబ్బూ నీళ్ళూ ఇసకలో పోయడమే. గడ్డి తీసేసి ఎడారి మొక్కలు పెట్టుకునేవాళ్ళకి చాండ్లర్ నగరపాలన కొంత సొమ్ము తిరిగి ఇస్తుంది కూడా.

అయినా ఆ తోట మీద నాకు ఫిర్యాదుంది. అందులో కాలం కనిపించదు. మొదటి రోజు ఎలా ఉందో ఎనిమిదేళ్ళకీ అలాగే ఉండాలని ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) పట్టుబడుతుంది, మనమూ సరేనంటాం. మొక్కకీ మొక్కకీ మధ్య ఫర్నిచరు షోరూములో వదిలినంత ఎడం. మెస్కీట్‌ని బంతిలా గుండ్రంగా కత్తిరిస్తారు. కాయలు రాలి చెత్త అవుతోందని కొందరు ఆ చెట్టునీ కొట్టించి కంకర మాత్రం మిగుల్చుకుంటారు. సందెవేళ దాని పక్కన నిలబడితే పగలంతా తాగిన వేడిని ముఖం మీదికి కక్కుతుంది. దీన్ని ఎడారి తోట అనడం ఎడారికే అవమానం. అసలు సొనోరన్ ఎడారి ఎంత పచ్చనిదో, ఎంత గుబురుగా ఉంటుందో ఫీనిక్స్‌లో 1939 నుంచీ ఉన్న డెజర్ట్ బొటానికల్ గార్డెన్‌కి మార్చి నెలలో ఒకసారి వెళ్తే తెలుస్తుంది.

వెనక తోటలో ఉన్నదంతా కాలమే, అందులో సగం ఓటముల లెక్క. మొదటి ఏడాది అందరూ చేసే తప్పే నేనూ చేశాను: తొలకరి అలవాటు కొద్దీ జూన్‌లో విత్తనాలు వేశాను. ఇక్కడ టమాటా నారు ఫిబ్రవరి, మార్చిలోనే పడాలి, జూన్ ఎండలకి పూత నిలవదు. రెండో ఏడాది మామిడి కోసం గొయ్యి తవ్వబోతే గునపం ఖంగుమంది. కింద కలీచీ, సున్నం గట్టిపడి రాయిలా మారిన పొర. మూడో ఏటికి బెండ, సొర, గోంగూర ఎండని లెక్కచేయవని తెలిసింది, నిమ్మ తనంతట తాను బతుకుతుందనీ తెలిసింది. ఆ నిమ్మ కుటుంబానిదే అయినా కరివేపాకు మాత్రం పసిబిడ్డ. జూన్‌లో మాడుతుంది, జనవరి రాత్రుల్లో మంచు కాటుకి నల్లబడుతుంది. (ఊరినుంచి సంచిలో మొక్క తెచ్చుకుందామనుకోకండి. నిమ్మతోటల్ని నాశనం చేసే తెగులును మోసే పురుగు దీని మీద కూడా బతుకుతుంది, అందుకే రానివ్వరు.) వేసవిలో నీడ వల, చలికాలంలో పాత దుప్పటి. పక్కింటి అమెరికన్ పెద్దాయన గోడ మీదుగా చూసి, ఆ దుప్పటి కింద ఎవరున్నారని అడిగాడు.

ప్రేమ అంతా ఈ పెరట్లోనే ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇది నేల మాట వినదు. కనిగిరిని ఎత్తుకొచ్చి ఇక్కడ దించాలనే మొండిపట్టు తప్ప చాలాకాలం ఇందులో వేరే ఆలోచన లేదు. ముందు తోట నేల మాట విని మనిషిని మరిచిపోతే, ఇది మనిషి మాట విని నేలని మరిచిపోయింది.

ఇంతకీ నా పెరడు మారింది ఎడారి వల్లే. సవారో అనే ఆ నిలువెత్తు జెముడు కూడా పసితనంలో ఎండకి నిలవలేదు. మెస్కీట్ కిందో, పాలో వెర్డే కిందో మొలిచినవే ఎక్కువగా బతుకుతాయి. ఇక్కడివాళ్ళు అలాంటి దాన్ని ‘దాది చెట్టు’ అనే అర్థంలో పిలుస్తారు. సన్నటి ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు ఎండ దిగుతుంది. చిక్కుడు కుటుంబపు చెట్టు కాబట్టి నేలకి నత్రజని కూడా ఇస్తుంది. ఇది తెలిశాక నాలుగో ఏట పెరటికి పడమటి వైపు ఒక మెస్కీట్ నాటాను. రెండేళ్ళ తర్వాత దాని పంచన కరివేపాకు పెట్టాను. పోయిన జూన్‌లో నీడ వల కట్టలేదు.

పెద్దమ్మ రెండోసారి వచ్చినప్పుడు కరివేపాకు దూసుకుంటూ, తల మీద రాలిన తుమ్మకాయల్ని దులుపుకుంది. ఇక్కడివాళ్ళు వీటిని పిండి చేసుకునేవారని చెప్పాను. కాయ ఒకటి విరిచి వాసన చూసింది.

"మేకలు లేని ఊళ్ళో అంతేగా మరి," అంది.